పోటొచ్చే వేళ, ఓడరేవు దారిలో

మా నరసరావుపేట వాళ్ళు సముద్రం చూడాలంటే కారు మాట్లాడుకుని తెల్లారగట్ట పోయి, చీకటి పడేలోపు ఒళ్ళంతా ఇసకతో తిరిగొస్తారు. మేము సైకిళ్ళ మీద పోయాం, అదీ తీరిగ్గా, నాలుగు రోజులు. వచ్చి పది రోజులైంది. కొట్టుకొచ్చిన ప్రతివాళ్ళూ బిందె బేరం పక్కనబెట్టి అదే అడుగుతున్నారు. ఎట్టా పోయారు, ఏం తిన్నారు, ఈ వయసులో మీకిదేం పిచ్చి అని. ఒక్కొక్కళ్ళకీ మొదటినుంచి చెప్పే ఓపిక లేక ఇది రాస్తున్నాను.

ఇంటి దగ్గర

మాది స్టీలు సామాను కొట్టు. మా ఆయనకి యాభై ఎనిమిది, నాకు యాభై రెండు. కిందటేడు శ్రావణమాసం, పెళ్ళిళ్ళ సీజను. ఒకరోజు కొట్టు కట్టేసి ఇంటికొచ్చి, గుండెల్లో మంటగా ఉందన్నారు. గ్యాసనుకున్నాను. వాము నీళ్ళు కాచిచ్చి, అరగంట వాలుకుర్చీలో కూర్చోబెట్టాను. తర్వాత చొక్కా తడిసిపోయేట్టు పట్టిన చెమట చూసి గుండె ఆగినంత పనైంది నాకు. పక్కింటివాళ్ళ కార్లో గుంటూరు తీసుకుపోయాం. రెండు స్టెంట్లు వేశారు. మనిషి దక్కాడు. కానీ డాక్టరు గారు, "ఇంకాస్త ముందొస్తే బాగుండేదమ్మా" అన్న ఆ ఒక్క మాట నన్ను ఏడాదిన్నర నిద్రపోనివ్వలేదు. ఆ అరగంట నాదే కదా మరి.

చూడ్డానికొచ్చిన చుట్టాలంతా గుమ్మంలోనే మొదలుపెట్టేవాళ్ళు, "పోటొచ్చిందంట గదా" అని. పోటొచ్చిందంటే గుండెపోటని. యాపిల్ కాయలు చేతికిస్తూ పోటు, కాఫీ తాగుతూ పోటు. ఆఖరికి విసుగొచ్చి, ఆ మాట మా ఇంట్లో అనడానికి వీల్లేదన్నాను. మా అమ్మాయి శ్రావణిని వినుకొండ ఇచ్చాం. అది ఫోన్ చేసినా "నాన్నకి ఆ రోజు" అంటుందే గానీ ఆ మాట అనదు.

నడవమనీ, లేదంటే చదునుగా ఉన్న చోట సైకిలు తొక్కమనీ, కొండలు మాత్రం వద్దనీ డాక్టరు చెప్పాడు. ఈయన గుంటూరు పోయి సెకండ్ హ్యాండులో రెండు లావు టైర్ల గేరు సైకిళ్ళు తెచ్చారు, మౌంటెన్ బైకులంట. కొండలెక్కొద్దంటే కొండలెక్కే సైకిలు తెచ్చిన మనిషిని ఏమనాలి? అడిగితే, ఈ టైర్లు ఇసకలో కూరుకుపోవు, కొండ లేకపోతే సముద్రం ఉందన్నారు. అట్టా పుట్టింది ఈ ప్రయాణం.

మూడు నెలలు కూర్చుని రాశారు ప్లాను. రోజుకి పాతిక, ముప్పై కిలోమీటర్లకు మించి తొక్కకూడదు. ఎండెక్కకముందే నీడ పట్టుకోవాలి. ఎవరితోనూ పందెం పెట్టుకోకూడదు. ఆయన ఊరూరికీ టిఫిన్ సెంటర్లు రాసుకుంటే, వాటి పక్కనే నేను ఆస్పత్రులు రాశాను. రోజూ పొద్దున్నే కోటప్పకొండ రోడ్డు మీద ప్రాక్టీసు. బజార్లో కుర్రవాళ్ళు "ఏంది బాబాయ్, స్కూటర్లో పెట్రోలు అయిపోయిందా?" అని ఆటపట్టిస్తే, ఈయన బెల్లు కొట్టి నవ్వుకుంటూ పోయేవారు.

నేనొక షరతు పెట్టాను. దారిలో ఒక్కసారి ఆయాసపడ్డా సరే, గుండె మీద చెయ్యి వేసుకున్నా సరే, అక్కడికక్కడే ఆటో ఎక్కాలి, ఇంటికి రాగానే సైకిళ్ళు అమ్మేయాలి. ఆ తర్వాత కౌంటర్లో కూర్చోడమే, కాలు బయట పెట్టేది లేదు. ఆయన మారు మాట్లాడకుండా ఒప్పుకున్నారు. అంత తేలిగ్గా ఎందుకు ఒప్పుకున్నారో నేనప్పుడే ఆలోచించాల్సింది.

చిలకలూరిపేట

మాఘమాసం, చలి తగ్గే రోజులు. ఆయన ముందు, నేను వెనక. ముందుంటే ఆయన భుజాలు ఎట్టా కదులుతున్నాయో కనపడదని నేనే వెనకుండిపోయాను. ఇరవై కిలోమీటర్లూ ఆ వీపు చూస్తూనే తొక్కాను. దారికి అటూ ఇటూ ఏ పైరుందో అడిగితే చెప్పలేను.

సగం దారిలో టీ తాగడానికి ఆగాం. టీ కొట్టాయన మా నెత్తిన ఉన్న హెల్మెట్లు చూసి, ఏ స్వామికి మొక్కుకున్నారని అడిగాడు. మొక్కేమీ లేదు, ఊరికే సముద్రం దాకా పోతున్నామంటే నమ్మలేదు. ఈ వయసులో సైకిలెక్కారంటే ఏదో గట్టి మొక్కే అయి ఉంటదని ఆయనే తేల్చేసి, డబ్బులు తీసుకోనన్నాడు. ఇంకో గ్లాసు పోశాడు కూడా. నాకు నవ్వూ వచ్చింది, లోపల ఎక్కడో కలుక్కుమంది కూడా. మొక్కుకోలేదని ఎట్టా అంటాను? ఆస్పత్రి వరండాలో ఆ రాత్రి ఎంతమంది దేవుళ్ళకి మొక్కానో నాకే లెక్క తెలీదు.

పేటలో పప్పు మిల్లుల వీధిలో లాడ్జి. కందిపప్పు దుమ్ము వాసన గదిలోకి కూడా వచ్చేది. మధ్యాహ్నం మెస్సులో పప్పు వడ్డించినాయన, ఈ పప్పు ఇందాకే మిల్లులోంచి వచ్చిందన్నట్టు గొప్పగా చెప్పాడు. ఆ గొప్పలో అబద్ధం లేదు. నేను మళ్ళీ మళ్ళీ వడ్డించమని అడిగి తిన్నాను.

పర్చూరు కళ్ళాలు

రెండోరోజు నల్లరేగడి నేలలు. ఎటు చూసినా పొగాకు, మిరప. మా పల్నాడు మిరపే ఘాటనుకుని ఇన్నాళ్ళూ మురిసిపోయాను. ఇక్కడ రోడ్డు పక్క కళ్ళాల్లో ఆరబోసిన కాయల మీదుగా గాలి వచ్చేసరికి, తొక్కలేక దిగిపోయి ఇద్దరం దగ్గుకున్నాం. కాయలు తిరగేస్తున్న ఒకామె అది చూసి మజ్జిగ తెచ్చిచ్చింది. మీదేవూరంటే నరసరావుపేటన్నాను. "అయితే మీకు కారం అలవాటేగా, ఏంది ఇంతలా దగ్గుతున్నారు?" అని నా పరువు తీసింది.

అదే కళ్ళం దగ్గర మా ఆయన టైర్లో తుమ్మముల్లు దిగింది. పర్చూరులో పంచర్ల షాపాయన ఇంత లావు టైరు ఎప్పుడూ చూడలేదని ముందు సైకిలు చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. తర్వాత ట్యూబు నీళ్ళ తొట్టిలో ముంచి బుడగలెక్కడొస్తున్నాయో చూసి, ప్యాచీ వేశాడు. చక్రం బిగించాక తనే ఎక్కి వీధి చివరిదాకా ఒక రౌండు కొట్టొచ్చి, అప్పుడు మాత్రమే ముప్పై రూపాయలు పుచ్చుకున్నాడు. మా ఊళ్ళో ఇదే పనికి యాభై తీసుకుని మొహం కూడా చూడరు.

ఆ సాయంత్రం లాడ్జి మెట్లెక్కుతూ ఈయన మధ్యలో ఆగిపోయారు. చెప్పు సరిచేసుకుంటున్నానన్నారు. ఆ చెప్పుకి బిగించుకునే పట్టీయే లేదు. నేను చూశాను గానీ అడగలేదు. అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని భయం.

ఓడరేవు

మూడోరోజు చీరాల దాటేసరికి నేల రంగే మారిపోయింది. నలుపు పోయి తెల్లటి ఇసక. జీడిమామిడి తోటలు, వాటి వెనక సరుగుడు తోపులు, వాటి వెనక ఒక హోరు. సముద్రం కనపడేసరికి మా ఆయన సైకిలు స్టాండు కూడా వేయకుండా అట్టాగే ఇసకలో పడేసి, చొక్కాతోనే నీళ్ళలోకి నడిచారు. నేను ఒడ్డున నిలబడి ఏడ్చాను. ఆయన చూడలేదు.

మేము నీచు తినం. ఓడరేవులో చేప లేని భోజనం అడగడమంటే మా కొట్టుకొచ్చి చీర అడగడమే. మెస్సు నడిపే ఆమె ఓపిగ్గా విని, ఇంట్లోంచి గోంగూర, పెరుగు తెప్పించి పెట్టింది. రేపు ఒడ్డెంబడి సైకిళ్ళ మీద పోతామంటే, తడి ఇసక గట్టిగా ఉంటది, బాగా నడుస్తదని కూడా చెప్పింది.

మొగ దగ్గర

అట్టాగే నడిచింది. నాలుగోరోజు పొద్దున ఆరున్నరకి బయల్దేరాం. అలలు వెనక్కి పోయినచోట ఇసక సిమెంటు రోడ్డల్లే ఉంది. ఎదురుగాలి లేదు. ఎర్రటి చిన్న పీతలు మా చప్పుడుకి బొరియల్లోకి దూరిపోతుంటే ఆయన చిన్నపిల్లాడిలా బెల్లు కొడుతూ వాటిని తరిమారు. ఈ నాలుగు రోజుల్లో నేను వీపు చూడ్డం మానేసి పక్కన తొక్కింది అక్కడే.

కొంతదూరం పోయాక ఒక కాలవ సముద్రంలో కలుస్తోంది. అట్టాంటి చోటుని అక్కడివాళ్ళు మొగ అంటారు. నీళ్ళు చీలమండ లోతు. ఇవతల గట్టున అరవై ఏళ్ళ ఆమె ఒకతె చేపలు ఎండబోస్తోంది. ఆమె పేరు నాగమ్మని తర్వాత తెలిసింది. మేము దిగి సైకిళ్ళు నెట్టుకుంటుంటే, మా ఆయన్ని ఎగాదిగా చూసి నాతో అంది.

"పోటొచ్చే యేళమ్మా. మీ ఆయన్ని దాటనియ్యమాక."

నా చెవుల్లో ఏదో పగిలినట్టైంది. ఈమెకెట్టా తెలుసు? ఈయన మొహం అంత వాడిపోయి ఉందా? పొద్దున్నే, అంత సంతోషంగా ఉన్న మనిషిని పట్టుకుని, ఎవరో తెలియని మనిషి ఆ మాటంటుందా? నాకు కోపమొస్తే వెనకా ముందూ ఉండదు.

"నీ నోట్లో మన్ను పడ. మా ఆయనకెందుకొస్తది పోటు?" అనేశాను.

మా ఆయన మొహం మాడ్చుకుని, గబగబా మొగ దాటేశారు. నేనూ దాటాను. వెనకనుంచి ఆమె ఏదో కేకేస్తూనే ఉంది. గాలికి వినపడలేదు, వినాలనీ లేదు. చిన్నప్పుడు బళ్ళో ఆటుపోట్లని చదువుకోకపోలేదు. కానీ పరీక్షలో రాసిన ఆ పోటు, ఎదురుగా నిలబడి అన్నప్పుడు గుర్తుకొస్తే గదా. మా ఇంట్లో ఆ మాటకి ఒక్కటే అర్థం.

మొగ అవతల ఒక ఇసక దిబ్బ, సరుగుడు తోపు, ఇంకా అవతల ఖాళీ ఒడ్డు. కొంతదూరం తొక్కాం. ఆమె మాట ఇద్దరి మధ్యా తిరుగుతోంది. పదింటికి వెనక్కొచ్చాం. చీలమండ లోతు దాటిన చోట ఇప్పుడు కాలవ లేదు, ఏరుంది. సముద్రం లోపలికి తోసుకొస్తోంది.

నేను ఆగమంటూనే ఉన్నాను. ఆయన సైకిలు భుజాన వేసుకుని దిగారు. పోటు నాకు రాదు అని ఆమెకీ నాకూ చూపించాలనుకున్నట్టుంది. నాలుగడుగులు వేశారో లేదో నడుము దాకా వచ్చింది. ఇంకో రెండడుగులకి ఛాతీ. కాలు కింద ఇసక కదిలి మనిషి తూలారు. నేను అరిచిన అరుపు నాకే కొత్తగా ఉంది. ఎట్టాగో వెనక్కి తిరిగి, సైకిలు ఈడ్చుకుంటూ ఒడ్డుకొచ్చి కూలబడ్డారు. ఎగశ్వాస తీస్తున్నారు. చెయ్యి గుండె మీద ఉంది.

నాలుక కింద పెట్టే మాత్ర నా నడుముకి కట్టుకున్న సంచిలోనే ఉంది. జిప్పు ఇసకకి పట్టేస్తే రెండు చేతులా లాగి మాత్ర తీశాను. అప్పుడే అవతలి గట్టునుంచి నాగమ్మ చేతులు నోటి చుట్టూ పెట్టుకుని కేకేసింది.

"కంగారుపడమాకండి. పోటు తగ్గిద్దిలే. పాటుకి నడిచి రావొచ్చు."

నేను తలెత్తి చూశాను. పాటేంటి, నడిచి రావడమేంటి? నాకంటే ముందు ఆయనకి అర్థమైంది. గుండె మీది చెయ్యి తీసి, పొంగుతున్న ఆ నీళ్ళవైపు చూపించి, "పూర్ణా, పోటంటే అదే" అని నవ్వడం మొదలుపెట్టారు. ఆయాసంలో నవ్వు, నవ్వులో ఆయాసం. నొప్పి లేదే పిచ్చిదానా, ఊపిరి అందకే అంటారు, మళ్ళీ నవ్వుతారు. ఏడాదిన్నరగా ఆ మనిషి అట్టా నవ్వగా నేను చూడలేదు. మాత్ర చేతిలో పట్టుకుని నేను ముందు ఆయన్ని తిట్టాను, తర్వాత నేనూ నవ్వాను. ఆ మాట కాసేపు ఇద్దరం మార్చి మార్చి పైకి అనుకున్నాం.

సరుగుడు నీడలో

కాసేపటికి నాగమ్మ మరిది తెప్ప మీద వచ్చాడు. మనుషుల్ని దాటిస్తాడు గానీ సైకిళ్ళు పట్టవు. సైకిళ్ళు వదిలి రానని ఈయన, ఈయన్ని వదిలి రానని నేను. అది ముందే ఊహించిందేమో, నాగమ్మ తెప్పలో చద్దన్నం పంపించింది. ఉల్లిపాయ, పచ్చిమిరపకాయలు, మావిడికాయ పచ్చడి. ఇందులో నీచు తగల్లేదని, గిన్నె కూడా కొత్తదేనని చెప్పమందంట. మేము నీచు తినమన్న కబురు మెస్సు ఆమె ద్వారా రాత్రే ఊరంతా పాకిపోయింది. గిన్నె మంచి గేజిది, దళసరి రేకు, అడుగున షాపు స్టిక్కరు కూడా పోలేదు. ఎవరి పెళ్ళికో పెట్టడానికి దాచుకున్నదై ఉంటుంది. నోట్లో మన్ను పడ అన్నదానికి ఆమె కొత్త గిన్నెలో అన్నం పంపింది.

పాటు, అంటే నీళ్ళు వెనక్కి తీసే వేళ, రావడానికి ఇంకా మూడు, నాలుగు గంటలుందన్నాడు మరిది. పోటూ పాటూ రోజుకి రెండేసి మాట్లు వస్తాయంట. పొద్దున నాగమ్మ వెనకనుంచి కేకేసింది కూడా అదేనంట. "మీ ఆయనకే గాదమ్మా, అందరికీ రోజుకి రెండు మాట్లు వస్తది" అని.

మరిది పోయాక తోపు నీడలో నడుం వాల్చాం. మా ఆయన ఆకాశంకేసి చూస్తూ చెప్పారు.

"ఆ రోజు నొప్పి సాయంత్రం రాలేదు పూర్ణా. పొద్దున పదింటికే మొదలైంది. పెళ్ళివాళ్ళు సామాను తీసుకుంటున్నారు. నీకు చెబితే కొట్టు మూయించి ఆస్పత్రికి లాక్కుపోతావని చెప్పలేదు. కొట్టు కట్టిందాకా ఓర్చుకున్నా."

పొద్దున పది అంటే ఎన్ని గంటలో వేళ్ళ మీద లెక్కేశాను. అన్ని గంటలు ఆయన దాచిపెడితే, ఏడాదిన్నరగా నేను ఒక్క అరగంటకి చస్తూ బతికాను. కోపం నషాళానికెక్కింది. పట్టుకుని కుదిపేశాను. ఇది ఎందుకు చెప్పలేదని అడిగాను. నా వాము నీళ్ళ సంగతి నేను మనసులో పెట్టుకున్నానని ఆయనకి తెలీదు. నేను చెప్పలేదు కదా. ఇప్పుడు చెప్పాను, ఆ అరగంటతో సహా. అది విని ఆయన లేచి కూర్చుని నా చెయ్యి పట్టుకున్నారు. చానాసేపు వదల్లేదు.

కోపం దిగాక తేలిగ్గా అనిపించింది, పెద్ద జ్వరం విడిచినట్టు. అప్పుడు అడిగాను, ఈ నాలుగు రోజుల్లో ఆయాసమొచ్చిందా అని. రెండు మూడు సార్లొచ్చిందన్నారు. లాడ్జి మెట్ల మీద కూడా. చెబితే సైకిళ్ళు అమ్మించి కౌంటర్లో కూలేస్తావు గదా అన్నారు.

అదీ సంగతి. నేను పెట్టిన షరతు ఆయన్ని కాపాడ్డానికి కదా? ఆయన నోరు నొక్కడానికే పనికొచ్చింది. నొప్పి చెబితే కొట్టు మూస్తానని అప్పుడు దాచారు, ఆయాసం చెబితే సైకిలు తీసేస్తానని ఇప్పుడు దాస్తున్నారు. రెండుసార్లూ భయపెట్టింది నేనే.

"ఆ షరతు తీసేశాను. సైకిళ్ళు అమ్మేది లేదు. వచ్చినప్పుడు వచ్చిందని చెప్పండి, అంతే," అన్నాను.

ఆయన సరేనన్నారు. ఈసారి అంత తేలిగ్గా అనలేదు. కాసేపు ఆలోచించి అన్నారు, అందుకని నమ్మాను.

రెండున్నరకి పాటు బాగా తీసింది. నీళ్ళు మోకాళ్ళ దాకా దిగాయి. అవతలి గట్టున నాగమ్మ నిలబడి ఎటునుంచి ఎటు రావాలో చేత్తో చూపిస్తోంది. ఆమెకి ఏం చెప్పాలో, క్షమించమని ఏ మాటల్లో అడగాలో నేను మనసులో కూడబలుక్కుంటూ నీళ్ళలోకి దిగాను. సైకిళ్ళు పక్కనే నెట్టుకుంటూ, ఇద్దరం పక్కపక్కన. కాళ్ళ కింద ఇసక మెత్తగా జారుతోంది. సగం దాటి ఉంటాం.

మా ఆయన ఆగి హ్యాండిలు మీద ఒరిగారు. నావైపు చూశారు.

"పూర్ణా, ఆయాసంగా ఉంది. కాసేపు ఆగుదామా?"

పెళ్ళయిన ముప్పై ఏళ్ళలో ఆయన నాకు అట్టా చెప్పడం అదే మొదలు. నా కళ్ళు నిండిపోయాయి. నాగమ్మ రమ్మని చెయ్యి ఊపుతూనే ఉంది. నేను సైకిలు గట్టిగా పట్టుకుని, "ఆగుదాం, తొందరేముంది?" అన్నాను.